మెట్ట సేద్యం నిన్న, నేడు: మన పిల్లల్లో ఎవరు రైతులవుతారు?

ఈ ఏడాది నివేదికలో జమాఖర్చులతో పాటు మన జగ్గయ్యపేట, నందిగామ వైపు సేద్యం ఎట్లా నడిచిందో ఒక చరిత్ర వ్యాసం ఉండాలని కార్యవర్గం అనుకుంది. "నువ్వు పదో తరగతి పాసయ్యావు గదా, రాయి" అని ఆ పని నా నెత్తిన పెట్టారు. పెద్దవాళ్ళు చెప్పింది, శిక్షణల్లో విన్నది, మా ఇంట్లో జరిగింది కలిపి రాస్తున్నాను.

పోయిన ఆషాఢంలో మా గ్రామ సంఘం మీటింగులో సీసీ గారు ఒక మాట అడిగారు. "మీ పిల్లల్లో వ్యవసాయం చేస్తామనే వాళ్ళు ఎంతమంది?" అని. ముప్పై మందికి పైగా ఉన్నాం. అందరం పొలంలోకి దిగేవాళ్ళమే. ఒక్క చెయ్యి లేచింది. పక్కన కూర్చున్నావిడ "ఏందొదినా, పిల్లాడికి పెళ్ళి చెయ్యవా?" అనేసరికి ఆ చెయ్యి కూడా దిగిపోయింది. అందరం నవ్వాం. ఇంటికొచ్చాక నాకు నవ్వు రాలేదు. ఆ చెయ్యి నాదే.

మనది మెట్ట. ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా అయింది గానీ 2022 ఏప్రిల్ దాకా కృష్ణా జిల్లాయే. కృష్ణా జిల్లా అనగానే బయటివాళ్ళకు పచ్చటి వరిచేలు గుర్తొస్తాయి. అది డెల్టా. 1855 కల్లా బెజవాడ ఆనకట్ట పూర్తయి కిందనున్న ఊళ్ళకు నీళ్ళు పారాయి. మనకు మాత్రం కృష్ణ కంటికి కనబడుతుంది, చేతికి అందదు. వేదాద్రి గుడి దగ్గర నిలబడితే ఏరు కింద, మన చేలు పైన. జొన్న, సజ్జ, కంది, ఆముదం, చెరువు కింద కాస్త వరి, అంతే. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి కథలో గోపయ్య గారు ఎట్లా పోయారో మనందరికీ తెలుసు. కరువొచ్చి మేత లేక పశువుల్ని అడవికి తోలుకుపోతే పులి వాత పడ్డారు. తిరునాళ్ళకు వెళ్ళి మొక్కుకుంటాం గానీ అది మన మెట్ట కరువు కథ కూడా అని ఎప్పుడూ అనుకోలేదు నేను.

జగ్గయ్యపేట చరిత్ర అంటే పుస్తకాల్లో రెండు సంగతులు రాస్తారు. ఒకటి ధనంబోడు మీది బౌద్ధ స్తూపం, 1882 ప్రాంతంలో బర్జెస్ దొర తవ్వించింది. రెండోది వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు బేతవోలు దగ్గర పేట కట్టించి తండ్రి జగ్గన్న గారి పేరు పెట్టడం. అంత చరిత్రలోనూ నాగలి పట్టినవాడి పేరు లేదు. కలుపు తీసిన ఆడదాని పేరు ఎట్లాగూ ఉండదు.

మా అత్తగారి అమ్మ కాలంలో ఇక్కడి ఆడవాళ్ళు గుంపులుగా డెల్టాకు ఊడ్పులకు, కోతలకు పోయేవాళ్ళట. కూలి కింద వడ్లు తెచ్చుకుంటే ఆ ఏడాదికి వరి అన్నం పండగ. మిగతా రోజులు జొన్న సంకటే. ఇప్పుడు షుగరుకు మంచిదని అదే జొన్నల్ని ఎక్కువ ధర పెట్టి కొంటున్నాం!

మన రాత మార్చింది సాగర్. అప్పట్లో కృష్ణ నీళ్ళను మద్రాసు వైపు మళ్ళించే కృష్ణా-పెన్నా పథకం ఆలోచన ఉండేది. అది కాదు, నందికొండ దగ్గర డ్యాం కట్టాలని పట్టుబట్టి తిరిగినవారిలో మన ముక్త్యాల రాజా గారు, వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాద్ గారు ముఖ్యులు. 1952లో ఖోస్లా కమిటీ స్థలం చూడ్డానికి వస్తుంటే అక్కడికి పోవడానికి దారే లేదు. పల్లెల జనాన్ని కూడగట్టి దారి వేయించారని పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు కాలువలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ నల్లగొండ, ఖమ్మం జిల్లాలు దాటి మన దగ్గరికి వస్తుంది. మనం చివర. చివరున్న వాడికి ఏ పంక్తిలోనైనా పప్పు అయిపోయాకే విస్తరి పడుతుంది. 2014లో రాష్ట్రాలు విడిపోయాక కాలువ పైభాగం తెలంగాణలో, తోక మనలో ఉండిపోయాయి. సమయానికి నీళ్ళు రావాలంటే అటువైపు అడుక్కోవాల్సిందే.

అయినా కాలువ వచ్చాక జొన్నచేలు పోయి వరి, పత్తి, మిరప వచ్చాయి. డబ్బు కళ్ళజూశాం. దాంతో పాటు పురుగుమందు వచ్చింది. 1987-88లో తెల్లదోమ పత్తిని ఊడ్చేసింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి రైతులు అదే మందు తాగి చచ్చిపోయారు. మా నాన్న అప్పటి మాట ఎత్తితే ఇప్పటికీ మధ్యలోనే లేచి బయటికి వెళ్ళిపోతారు. తరువాత చాలామంది చేలల్లో సుబాబుల్ వేసి చేతులు దులుపుకున్నారు. కూలీలక్కర్లేదు, మూడు నాలుగేళ్ళకు కొట్టి కాగితం మిల్లుకు పంపితే చాలు అన్నారు. టన్ను ధర పడ్డప్పుడు నరుకుడు కూలి కూడా రాలేదు.

పిల్లలు పొలం దిగి వెళ్ళిపోయింది ఈ కాలంలోనే అని నా లెక్క. సిమెంటు ఫ్యాక్టరీలొచ్చాయి, లారీలొచ్చాయి, హైదరాబాదు రోడ్డు గుమ్మం ముందే ఉంది. 2008 నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక ఇంటికొక ఇంజనీరు. వాళ్ళను తప్పుపట్టను. "మాలాగా మట్టి పిసుక్కోవద్దు నాయనా" అని అన్నం కలిపి పెడుతూ చెప్పింది మనమే గదా.

రైతుబిడ్డకు సేద్యం చదువు చెప్పాలన్న ఆలోచన మాత్రం కొత్తది కాదు. ఆచార్య రంగా గారు 1930లలోనే నిడుబ్రోలులో రైతు విద్యాలయం పెట్టారు. 1945లో బాపట్ల వ్యవసాయ కళాశాల వచ్చింది. 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయం వచ్చింది, దానికే తరువాత రంగా గారి పేరు పెట్టారు. దేశంలో మొదటి కృషి విజ్ఞాన కేంద్రం 1974లో పుదుచ్చేరిలో మొదలైంది. మనకు గరికపాడులోనే ఒకటి ఉంది. నేను ఆ రోడ్డున వందసార్లు బస్సులో పోయి, అది ఆఫీసర్లు ఉండే చోటని అనుకున్నాను. మా సంఘం నుంచి పన్నెండు మందిమి శిక్షణకు వెళ్ళిన రోజు తెలిసింది, గేటు మనకోసమే తీసి ఉంటుందని.

మన సంఘాల సంగతి మీకు తెలిసిందే. 1982లో డ్వాక్రా, 2000లో వెలుగు. మన పక్కనే, అప్పటి ఖమ్మం జిల్లా పునుకుల గ్రామంలో పురుగుమందు అప్పులతో విసిగిపోయినప్పుడు, మందు కొట్టకుండా పత్తి పండిద్దామని ఊరిని ఒప్పించడంలో అక్కడి మహిళా సంఘాలు గట్టిగా నిలబడ్డాయి. తరువాత ఆ పని సంఘాల ద్వారానే రాష్ట్రమంతా పాకింది. ఇప్పటి ప్రకృతి వ్యవసాయం దాని కొనసాగింపే. జీవామృతం కలిపేది మనం, కషాయం కాచేది మనం. రైతు ఎవరని అడిగితే మాత్రం పాసు పుస్తకంలో పేరున్నాయన్ని చూపిస్తాం.

ఇక ఇప్పటి మాట. అబద్ధం చెప్పి పిల్లల్ని పొలంలోకి పిలవలేను. 2021లో నల్ల తామర పురుగు మిరప పూతంతా నాకేసింది. 2024 సెప్టెంబరులో మునేరు, పాలేరు పొంగాయి, గరికపాడు దగ్గర వంతెన దెబ్బతిని హైదరాబాదు రోడ్డే ఆగిపోయింది. 2025లో ధర పడిపోతే కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలని ఒక రేటు ప్రకటించాల్సి వచ్చింది. ఆ ఏడు మాకు ఎకరంన్నరలో 27 క్వింటాళ్ళు అయ్యాయి. చేతికి సగటున 11,000 పడింది. అంటే 2,97,000. నారు, మందులు, కోత కూలి, కౌలు కలిపి ఖర్చు 2,80,000. ఏడాదంతా ఇద్దరం కష్టపడితే మిగిలింది 17,000.

అదే ఏడు మా అమ్మాయి ఒక పని చేసింది. అప్పుడు తొమ్మిదో తరగతి. "అమ్మా, రెండు క్వింటాళ్ళు అమ్మకుండా ఉంచు" అంది. తొడిమలు మేమే తీశాం. ఊళ్ళో తొడిమ తీతకు కిలోకింత అని కూలికి పోతాం, లాభం కొట్టువాడిది. ఈసారి మన కాయకే మనం తీసుకున్నాం. నేలమీద కాకుండా పట్టాల మీద ఎండబెట్టి, తేమ పదకొండు శాతం లోపుకు తెచ్చి పట్టించాం. తేమ ఉంటే బూజు వస్తుంది, పొడి చేదెక్కుతుంది. తొడిమ, తరుగు పోను 170 కిలోల కారం అయింది. కిలో 250కి అమ్మితే 42,500. పట్టింపు, కవర్లు, ఆటో ఖర్చు 6,500 పోతే 36,000. కాయగా అమ్మితే 22,000 వచ్చేది. తేడా 14,000. ఎకరంన్నర మీద ఏడాదికి మిగిలినదానికి ఇది దగ్గరదగ్గరగా ఉంది. లెక్కంతా నోటుబుక్కులో రాసింది పిల్లే.

ఒకటి మాత్రం చెప్పాలి, అమ్మడం తేలిక కాలేదు. జగ్గయ్యపేటలో ఒక కొట్టాయన 40 కిలోలు తీసుకుని నాలుగు నెలలు డబ్బివ్వలేదు. మిల్లు పెట్టుకుందామని అప్పుకు వెళితే ఒక బ్యాంకులో "పొలం ఎవరి పేరునుంది?" అని అడిగి కాగితాలు వెనక్కిచ్చారు. తరువాత సమాఖ్యలో తెలిసింది, చిన్న ఆహార తయారీ యూనిట్లకు 2020లో ఒక కేంద్ర పథకం పెట్టారని. యూనిట్ ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా సబ్సిడీ. సంఘ సభ్యురాలికి 40,000 దాకా మూలధనం. వ్యవసాయ డిగ్రీ, డిప్లొమా ఉన్న పిల్లలకు అగ్రి క్లినిక్ పెట్టుకోవడానికి 2002 నుంచే ఇంకో పథకం నడుస్తోంది. 2023 చివర్లో 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇస్తామన్నారు, 80 శాతం, 8 లక్షల దాకా. ఇవన్నీ మనదాకా రావడానికి చాలా ఆలస్యమవుతోంది. మీటింగులో పొదుపు లెక్క చూసి, తీర్మానం రాసి లేచిపోతున్నాం. ఒక పది నిమిషాలు వీటికి పెడితే బాగుండునని నా మనవి.

గుడిమెట్లలో వానపడగానే వజ్రాలు వెతకడానికి ఎక్కడెక్కడి జనమో వస్తారు, చూసే ఉంటారు. సెలవు పెట్టి మరీ వస్తారు కుర్రాళ్ళు. అదే తడి నేలలో విత్తనం వెయ్యమంటే ఎవడూ రాడు. దొరికే నమ్మకం రెండింట్లోనూ అంతంతమాత్రమే అనుకుంటున్నారేమో.

మా అమ్మాయి ఈ ఏడు పది పాసయింది. రంగా విశ్వవిద్యాలయం వారి వ్యవసాయ పాలిటెక్నిక్‌లో రెండేళ్ళ డిప్లొమా చేస్తానంటోంది. తరువాత అగ్రిసెట్ రాసి బీఎస్సీకి పోవచ్చట. మా ఆయన ఒప్పుకోలేదు. "మనం పడ్డది చాలదా? ఎంపీసీలో చేర్పించు" అంటాడు. ఆయన చెప్పేది తప్పని నేను అనలేకపోయాను. 17,000 లెక్క ఆయనా చూశాడు. మా అత్తగారు మాత్రం జొన్నరొట్టె కాలుస్తూ "దాని పేరున ఒక అరెకరం రాయండిరా, అప్పుడు తెలుస్తుంది దానికెంత ఇష్టమో" అన్నారు. ఇంట్లో రెండు రోజులు ఎవరూ మాట్లాడుకోలేదు.

అప్లికేషన్ పెట్టాం. ఫీజుకూ, హాస్టలుకూ సంఘంలో అప్పు అడిగాను. వచ్చే పదో తారీఖు మీటింగులో తీర్మానానికి వస్తుంది. అరెకరం సంగతి ఇంకా తేలలేదు.