రజాకార్ అనే మాట

ఉర్దూలో రజాకార్ అంటే తన ఇష్టంతో పనికి ముందుకొచ్చినవాడు. రజా అంటే సమ్మతి. వరద సాయానికి పోయే కుర్రాళ్లని ఉర్దూ పత్రికలు ఇప్పటికీ రజాకార్లనే రాస్తాయి. అదే వార్త తెలుగు చేసేటప్పుడు నేను 'స్వచ్ఛంద కార్యకర్తలు' అని మారుస్తాను. తెలుగులో ఆ మాట తిట్టు. ఏలూరులో చదువుకునే రోజుల్లో నాకూ తగిలింది.

మాకూ నిజాముకూ ఏమిటి సంబంధం? 1766 ఒప్పందంతో ఏలూరు సర్కారు ఇంగ్లీషు కంపెనీకి పోయింది. రజాకార్లు చెలరేగేనాటికి మేం నిజాం చేయి దాటి 180 ఏళ్లు. ఏలూరులో తివాచీలు నేసిన సాయిబుకీ, తాడేపల్లిగూడెంలో పరుపులు కుట్టిన దూదేకులకీ, కొల్లేటి చేపలు గంపకెత్తి అమ్మినవాడికీ అందరి నెత్తినా కాసిం రజ్వీ టోపీయే పెట్టారు. సరే, ఆ టోపీ కథేమిటో చూద్దాం.

లాతూరు వకీలు రజ్వీ 1946లో మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ నాయకుడయ్యాడు. మజ్లిస్ చెప్పిన సిద్ధాంతం 'అనల్ మాలిక్'. రాజ్యంలో ప్రతి ముసల్మానూ పాలకుడేనట! రిక్షా లాగేవాడికి అది కడుపు నింపలేదు గానీ చేతికి కర్ర ఇచ్చింది. ఇండియాతో బేరానికి పనికొస్తారని నిజాం ప్రభుత్వం ఊరుకుంది. 1947 అక్టోబరు 27న ఢిల్లీకి బయల్దేరాల్సిన ఛత్తారీ నవాబు బృందం ఇళ్లను రజ్వీ మనుషులు చుట్టుముట్టారు. నిజాం వాళ్లని శిక్షించలేదు, బృందాన్నే మార్చాడు. ఆనాటి నుంచి ఎవరు ఎవరి చెప్పుచేతల్లో ఉన్నట్టు?

ఊళ్లు తగలబడ్డాయి. సరిహద్దు దాటి కృష్ణా, గోదావరి జిల్లాలకు పారిపోయి వచ్చినవాళ్ల కడుపుమంట నిజం. దాన్ని తక్కువ చేసే హక్కు నాకు లేదు. అయితే ఆ దాడుల్లో దేశ్‌ముఖులూ ఉన్నారు. రజాకార్లు చెలరేగకముందే, 1940ల మొదట్లో, కామారెడ్డిగూడెంలో షేక్ బందగీని చంపింది విసునూరు దేశ్‌ముఖ్ గూండాలు. తర్వాత ఆ దొరలే రజాకార్లతో కలిసి సంఘం ఊళ్లమీద పడ్డారు. దొరకు కావలసింది భూమి, మతం కాదు. రజాకార్లని ఉర్దూలోనే ఎండగట్టిన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ని 1948 ఆగస్టులో కాల్చి, చెయ్యి నరికారు. ఆయన ముసల్మాను. మఖ్దూం మొహియుద్దీనూ ముసల్మానే. మమ్మల్ని తిట్టేటప్పుడు ఈ పేర్లు ఎవరికీ గుర్తురావు.

1948 సెప్టెంబరు 13న యూనియన్ సైన్యం కదిలింది, 17కి నిజాం లొంగాడు. రజాకార్ల మీద నిషేధం, రజ్వీకి జైలు. న్యాయమే. కానీ తర్వాత? రజాకార్ల పేరుతో మామూలు ముస్లింల మీద పడ్డ గుంపులు కూడా ఆయుధాలు పట్టినవే. భారత ప్రభుత్వమే పంపిన పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ తదితరుల కమిటీ, చాలా తగ్గించి లెక్కేసినా 27,000 నుంచి 40,000 మంది చనిపోయారని రాసింది. కొన్నిచోట్ల సైనికులూ పోలీసులూ చేయి కలిపారని కూడా రాసింది. ఆ నివేదిక 2013 దాకా మామూలు పాఠకుడికి అందలేదు. పారిపోయిన దొరలు కాంగ్రెసు టోపీలతో తిరిగొచ్చారు. సైన్యం తుపాకులు కమ్యూనిస్టు దళాల మీదికి తిరిగాయి, 1951 దాకా. రజాకార్లని ఆపనివ్వని నిజాం 1950లో రాజప్రముఖ్ అయ్యాడు! ఎవరి చేతిలో ఆయుధం ఉందన్నది కాదు, ఆ చెయ్యి రేపు తమకు పనికొస్తుందా లేదా అన్నదే ప్రభుత్వాలు చూశాయి.

ఇది నిజాంతో పోలేదు. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం వచ్చింది. ప్రభుత్వమే ఆదివాసీ కుర్రాళ్లకి తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసులంది. ఆ భయానికి కోయలు అడవి దాటి ఖమ్మం వైపు వచ్చారు. 2011లో సుప్రీంకోర్టు అది చెల్లదంది. ఆ తుపాకులకు ప్రజాస్వామ్యమని పేరు. ఆనాటి కర్రలకు మతమని.

రజ్వీ 1957లో విడుదలై పాకిస్తాను వెళ్లిపోయాడు, 1970లో అక్కడే పోయాడు. మా ఏలూరు సాయిబులెవరూ ఆయన్ని సాగనంపడానికి వెళ్లలేదు.