జీతం, మజూరి, లెక్కకెక్కని చేతులు

'జీతము' అన్న మాట 'జీవితము'నకు వికృతి అని మన నిఘంటువులు చెబుతాయి. బ్రతుకు గడవడానికి ఇచ్చేది జీతం. 'మజూరి' అన్నది పారసీకం నుండి ఉర్దూ మీదుగా మన సీమకు చేరింది. జీతం కాలాన్ని బట్టి వస్తుంది, మజూరి నేసిన గుడ్డను బట్టి వస్తుంది. జీతగాడు ఒకనాడు జ్వరపడినా నెల నిండుతుంది. మజూరి మనిషి పడుకుంటే మగ్గమూ పడుకుంటుంది.

సబ్బులూ నూనెలూ బట్టలూ వంటి నిత్యం వాడుకొనే సరుకులు తయారుచేసే సంస్థలలో పనివారికి ఏది నచ్చుతుంది, ఏది నచ్చదు అని ఈ కాలంలో ప్రశ్నలు పంచి మరీ అడుగుతున్నారు. ఆ ప్రశ్నకు మా రాయలసీమలో పాత సమాధానం ఒకటి ఉన్నది. కర్నూలు జిల్లా ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారు 1938లో స్థాపించిన చేనేత సహకార సంఘమే ఆ సమాధానం. ఆనాడు ఎమ్మిగనూరు మదరాసు రాజధానిలోని బళ్ళారి జిల్లాకు చెందినది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు బళ్ళారి నుండి విడివడి ఇటు వచ్చాయి. ఆ మార్పుతోనే ఎమ్మిగనూరు కర్నూలు జిల్లా ఊరయింది. మరుసటి ఏడు, 1954లో, సోమప్పగారికి పద్మశ్రీ లభించింది.

సంఘం రాక మునుపు నేతగాని స్థితి ఎట్టిదో చెప్పకపోతే సంఘం విలువ తెలియదు. సావుకారు నూలు ఇస్తాడు, నేసిన గుడ్డ తీసుకొంటాడు, మజూరి కట్టిస్తాడు. పెళ్ళికో చావుకో ముందుగా తీసుకొన్న బాకీ ఆ మజూరిలో విరుగుతూ ఉంటుంది, కానీ తీరదు. బాకీ తీరనిదే మరొక సావుకారు వద్దకు పోవడానికి లేదు. ఇక మాది వానలు నమ్మరాని నేల. పంట పోయిన ఏట రైతు కొత్త గుడ్డ కొనడు. అందుచేత కరవు వస్తే పొలానికి ఎంత దెబ్బో మగ్గానికీ అంతే దెబ్బ. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, మాధవరం వైపు మగ్గాలకూ ఇదే కథ.

అయినా నేతగాడు ఆ పనిని విడువలేదు. మగ్గం ఇంట్లో ఉంటుంది. ఎప్పుడు గుంటలో కాళ్ళు పెట్టాలో, ఎప్పుడు లేవాలో చెప్పేవాడు లేడు. మిల్లు కూత వినవలసిన పని లేదు. ఈ స్వేచ్ఛ అతనికి నచ్చినది, బాకీ నచ్చనిది. సహకార సంఘం చేసిన పని ఏమిటంటే, మొదటిదాన్ని ఉంచి రెండవదాన్ని తీసివేయడానికి ప్రయత్నించడం. సభ్యుడు వాటా కడతాడు. సంఘం నూలు ఇస్తుంది, నిర్ణయించిన మజూరి ఇస్తుంది, అమ్మకం తన నెత్తిన వేసుకొంటుంది. అన్నింటికన్న ముఖ్యం, అతనికి ఒక ఓటు ఉంటుంది. నిన్నటి కూలివాడు నేడు సర్వసభ్య సమావేశంలో లేచి లెక్క అడుగవచ్చును. ఎమ్మిగనూరులో వీవర్స్ కాలనీ అన్న పేరు ఈనాటికీ వినబడుతుంది. పనివానికి కూలితో పాటు నిలువ నీడ కూడ కావాలన్న ఆలోచన ఆ పేరులో ఉన్నది.

ఈ ఆలోచన మనకు మాత్రమే తట్టినది కాదు. ఇంగ్లండులో లీవర్ అనే సబ్బుల వ్యాపారి లివర్‌పూల్‌కు ఎదురుగా 1888లో పోర్ట్ సన్‌లైట్ అనే ఊరినే కట్టడం మొదలుపెట్టాడు. మన దేశపు రేవులో సన్‌లైట్ సబ్బు దిగింది కూడ ఆ ఏడే. పనివారికి అందమైన ఇళ్ళు, తోటలు, బడి, వైద్యశాల అమర్చాడు. లాభాన్ని చేతికి నగదుగా ఇవ్వడం కంటె ఇట్లా ఇవ్వడమే మేలని అతని నమ్మకం. అయితే స్వతంత్రబుద్ధి గలవాడు ఆ ఊరి గాలి ఎంతోకాలం పీల్చలేడని 1919లో ఒక కార్మికసంఘ కార్యదర్శి అతనికే లేఖ వ్రాశాడు. ఇల్లు ఇచ్చినవాడే యజమాని అయితే, యజమానితో తగవు వచ్చిననాడు ఇల్లూ గుర్తుకు వస్తుంది. లీవర్ దయతో ఇచ్చినదాన్ని సహకార సంఘం హక్కుగా ఇవ్వజూసింది. మా సీమ ప్రయత్నంలో నాకు గొప్పగా తోచేది ఇదే.

ఐతే హక్కు కాగితం మీద ఉంటే చాలదు. సహకార సంఘాలలో ప్రభుత్వం చేయి పెరిగేకొద్దీ సభ్యుని మాట చిన్నదవుతూ వచ్చింది. 1976లో జనతా వస్త్రాల పథకం వచ్చింది. మగ్గానికి పని దొరికింది. కానీ అది ముతకపని, మజూరి తక్కువ, చేతిలోని నేర్పుకు అక్కడ చోటు లేదు. పని దొరకడం నచ్చింది, ఆ పని నచ్చలేదు. 1985లో 22 రకాల వస్త్రాలను చేతిమగ్గానికే ప్రత్యేకించుతూ చట్టం చేశారు. తరువాత వాటిని 11కు కుదించారు. దుప్పటి, తువ్వాలు ఆ జాబితాలో మిగిలినవే, కానీ మరమగ్గం దుప్పట్లు సంతల నిండా ఉన్నాయి.

ఇంతవరకు మగ్గం మీద కూర్చున్నవాని సంగతే చెప్పాను. నూలు తోడడం, కండెలు చుట్టడం, పడుగు సిద్ధం చేయడం, గంజి పెట్టడం, ఇవన్నీ ఇంట్లోని ఆడవారివి, పిల్లలవి. ఇవి లేనిదే నాడె ఒక్కసారి కూడ ఇటునుండి అటు పోదు. మజూరి మాత్రం గుడ్డకు కట్టేవారు, గుడ్డ తెచ్చినవాని చేతిలో పెట్టేవారు. నేను పనిచేసిన పల్లెలలో ఒకదానిలో మగ్గాల ఇళ్ళ పిల్లలు చాలామంది ఉండేవారు. పడుగు పట్టే దినాలలో తరగతిలో ఆడపిల్లల వరుస ఖాళీ. హాజరుపట్టీలో ఆ పిల్లకు గైర్హాజరు పడేది. తెల్లవారుజాము నుండి ఆమె చేసిన పని మజూరి పుస్తకంలోనూ ఎక్కేది కాదు. బడి పుస్తకంలో లేదు, పని పుస్తకంలో లేదు, గుడ్డలో మాత్రం ఉన్నది.

2019-20లో జరిగిన నాలుగవ చేనేత గణన దేశంలో 35.22 లక్షలమంది నేత, అనుబంధ పనివారిని లెక్కించింది. వారిలో నూటికి 72 మంది స్త్రీలు. ఈశాన్య రాష్ట్రాలలో స్త్రీలే మగ్గం మీద కూర్చుంటారు కనుక ఆ సంఖ్యలో పెద్దవాటా వారిది. అయినప్పటికీ అనుబంధ పనివారిని కూడ పనివారుగా వ్రాసుకోవడం మంచి మార్పు.

ఉద్యోగులకు ఏది నచ్చుతుందని అడిగేవారు అంతకు ముందు ఒక మాట అడగాలని నా మనవి. ఎవరెవరిని ఉద్యోగులుగా ఎంచుతున్నారు? ఎమ్మిగనూరు సంఘం కూలివానిని సభ్యునిగా ఎంచింది, అది చిన్న విషయం కాదు. అతని ప్రక్కన కండె చుట్టిన మనిషిని కూడ ఎంచవలసిన పని మిగిలిపోయింది. మిత్రులారా, మీ ఊళ్ళలో ఆ పని చేసిన అవ్వలు ఉంటే, వారు ఏ పనిని ఏ పేరుతో పిలిచేవారో, రోజుకు ఎన్ని కండెలు చుట్టేవారో అడిగి వ్రాసిపెట్టండి. ఆ పద్దు ఇప్పటికైనా ఎక్కాలి.