తమలపాకు తీగ

తమలపాకు తీగ (శాస్త్రీయ నామం: పైపర్ బీటిల్) మిరియాల కుటుంబానికి చెందిన బహువార్షిక ఎగబ్రాకే మొక్క. ఆడ, మగ పుష్పాలు వేర్వేరు తీగలపై సన్నని కంకులుగా పూస్తాయి. అయితే దీనిని ఆకు కొరకే పెంచుతారు. కృష్ణా పశ్చిమ డెల్టాలో తెనాలి, పొన్నూరు, బాపట్ల, రేపల్లె ప్రాంతాలలో ఈ సాగు ఉన్నది. వీటిలో తెనాలి, పొన్నూరు గుంటూరు జిల్లాలోనూ, బాపట్ల, రేపల్లె 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన బాపట్ల జిల్లాలోనూ ఉన్నాయి.

రకాలు

కపూరి, కరపాకు, తెల్లాకు రాష్ట్రంలో ప్రసిద్ధమైనవి.

సాగు విధానం

ఈ తీగకు నీడ, గాలిలో తేమ, నీరు నిలువని సారవంతమైన నేల అవసరం. ముందుగా బోదెలపై అవిశ విత్తుతారు. అవి రెండు మూడు నెలలు పెరిగిన తరువాత, ఆరోగ్యవంతమైన తీగల కొనల నుండి 3 నుండి 5 కణుపులున్న ముక్కలను కోసి వాటి మొదట నాటుతారు. అవిశ తీగకు ఊతమూ, నీడా ఇస్తుంది. తీగ పాకినకొద్దీ జమ్ముతో గాని అరటి నారతో గాని అవిశకు వదులుగా కడతారు. ఎండ చాలనప్పుడు అవిశ కొమ్మలను నరికి పలుచన చేస్తారు.

తీగ దింపుట

తీగ చేతికందని ఎత్తుకు పెరిగినపుడు దానిని దించి, ఆకులు లేని క్రింది భాగాన్ని చుట్టగా మట్టిలో పూడ్చి, కొనను మరల అవిశకు కడతారు. పూడ్చిన కణుపుల నుండి కొత్త వేళ్ళు పుట్టి తీగ బలపడుతుంది.

తెగుళ్ళు, నష్టాలు

ఫైటోఫ్తోరా వలన వచ్చే ఎండు తెగులు అత్యంత ప్రమాదకరమైనది. ఆకులు మెరుపు కోల్పోయి వాడతాయి. నేలకు ఆనిన కాండం నల్లబడి కుళ్ళుతుంది. ఈ శిలీంధ్రం నీటి ద్వారా పారుతుంది కనుక, ఒక మొక్కతో మొదలై ఏళ్ళ తరబడి పెంచిన తోటనే తుడిచిపెట్టగలదు. మురుగు కాలువలు తీయుట, తెగులు సోకిన తీగలను పీకి కాల్చుట, వేపపిండితో ట్రైకోడెర్మా వేయుట, పాదుల చుట్టూ 1 శాతం బోర్డో మిశ్రమం పోయుట నివారణ మార్గాలు. ఈ మిశ్రమానికి 100 లీటర్ల నీటికి మైలుతుత్తం, సున్నం ఒక్కొక్క కిలో చొప్పున కావాలి. ఆకును పచ్చిగానే తింటారు కనుక మందు వాడుటకు ముందే కోత ముగించాలి.

తుఫానులు మరొక ముప్పు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన రేపల్లె ప్రాంతాన్ని ముంచెత్తగా, 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల సమీపంలో తీరం దాటింది. అవిశ కూలితే తీగ కూడా నేలపాలవుతుంది.