పర్వత స్నోమొబైల్: లోతు మంచులో దారి దొరికిన చరిత్ర

ముందు రెండు స్కీలు, వెనుక వెడల్పాటి రబ్బరు ట్రాక్, మధ్యలో ఒక్కరు కూర్చోవడానికో నిలబడడానికో చోటు. ఎత్తైన కొండల మీద, ఎవరూ తొక్కని మంచులో నడపడానికి ప్రత్యేకంగా తయారుచేసే వాహనాన్ని పర్వత స్నోమొబైల్ అంటారు. కశ్మీర్‌లోని గుల్మార్గ్ వెళ్లివచ్చిన తెలుగు పర్యాటకులు స్నోమొబైల్‌ను చూసే ఉంటారు. సియాచిన్‌లో మన సైన్యం కూడా స్నో స్కూటర్లను వాడుతుంది. పర్వత రకం మాత్రం ఉత్తర అమెరికా పశ్చిమ భాగంలో రూపుదిద్దుకుంది. ఐడాహో, వయోమింగ్, మోంటానా, కొలరాడో, యూటా రాష్ట్రాల కొండలు, కెనడాలోని బ్రిటిష్ కొలంబియా దానికి పురిటిగడ్డలు.

ఈ వాహనం చరిత్రను చాలామంది హార్స్ పవర్ పెరుగుదలగా చెబుతారు. వరుసగా చూస్తే వేరే సంగతి తేలుతుంది. లోతు మంచులో దారి తెరిచింది ముందు ట్రాక్, ఆ తర్వాత బరువు తగ్గింపు. ఇంజన్ శక్తి పెరిగినా దాన్ని మంచు మీదికి దించే ఏర్పాటు లేనంతకాలం ఆ శక్తి గొయ్యి తవ్వడానికే పనికొచ్చింది.

మైదానంలో పుట్టుక

కెనడాలోని క్యుబెక్ రాష్ట్రంలో వాల్కూర్ అనే ఊరికి చెందిన జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియే 1922లో, పదిహేనేళ్ల వయసులో, పాత ఫోర్డ్ ఇంజన్‌కు పంకా బిగించి మంచు మీద నడిచే బండి చేశాడు. 1934 చలికాలంలో అతని చిన్న కొడుకు జబ్బుపడ్డాడు. మంచుతో దారులు మూసుకుపోవడంతో ఆసుపత్రికి చేర్చలేకపోయారు, బిడ్డ దక్కలేదు. పళ్లచక్రంతో తిరిగే రబ్బరు ట్రాక్‌కు అతను 1937లో పేటెంటు పొందాడు. ఆ ఏర్పాటుతో వచ్చిన బి7 అనే ఏడుగురి బండి వైద్యులకు, తపాలా వారికి, బడి పిల్లలకు ఉపయోగపడింది. ఒకరిద్దరు ఎక్కే చిన్న స్కీ-డూ 1959లో వచ్చింది. దాని కోలర్ ఇంజన్ శక్తి ఏడు హార్స్ పవర్.

అమెరికా వైపు చూస్తే, విస్కాన్సిన్‌లో కార్ల్ ఎలియాసన్ 1924లోనే మోటారు బిగించిన మంచుబల్ల చేశాడు. మిన్నెసోటాలోని రోజో ఊళ్లో ఎడ్గర్ హెటీన్, అలన్ హెటీన్, డేవిడ్ జాన్సన్ 1950ల నడుమ పొలారిస్ బండ్లను మొదలుపెట్టారు. బండి గట్టితనాన్ని లోకానికి చూపడానికి ఎడ్గర్ 1960లో అలాస్కాలో 1,200 మైళ్ల ప్రయాణం చేశాడు. తర్వాత పొలారిస్‌ను విడిచి ఆర్కటిక్ క్యాట్ సంస్థకు పునాది వేశాడు. జపాన్ నుంచి యమహా 1968లో ఈ రంగంలోకి వచ్చింది. వీళ్లందరి దృష్టిలో ఉన్నవి చదునైన పొలాలు, గడ్డకట్టిన చెరువులు, అడవి బాటలు. 121 అంగుళాల ట్రాక్, దాని మీద అంగుళం ఎత్తు కూడా లేని రబ్బరు పళ్లు (లగ్గులు) అక్కడికి చక్కగా సరిపోయాయి.

కొండెక్కాక ఎదురైన చిక్కు

అవే బండ్లను రాకీ పర్వతాల మీదికి తీసుకెళ్లినవాళ్లకు రెండు ఇబ్బందులు ఒకేసారి ఎదురయ్యాయి. మొదటిది గాలి. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలుచబడుతుంది, ఇంజన్‌కు అందే ఆక్సిజన్ తగ్గుతుంది. మామూలు ఇంజన్ ప్రతి వెయ్యి అడుగులకు సుమారు 3 శాతం శక్తి కోల్పోతుంది. సముద్రమట్టంలో 150 హార్స్ పవర్ ఇచ్చే ఇంజన్ పదివేల అడుగుల దగ్గర 105, 110 ఇస్తే గొప్ప. రెండోది మంచు. రాకీల్లో కొత్తగా కురిసిన పొడిమంచులో తొంభై శాతానికి పైగా గాలే ఉంటుంది. ట్రాక్ గబుక్కున తిరిగితే కింది మంచు వెనక్కి ఎగిరిపోయి, బండి తన గొయ్యిని తానే తవ్వుకుని కూరుకుపోతుంది. రెండు వందల కిలోల బండిని నడుములోతు మంచులోంచి పైకి లాగడం పర్వత రైడర్లందరికీ తెలిసిన కష్టం.

కార్బురేటర్ రోజుల్లో మొదటి ఇబ్బందికి మందు రెంచి, స్క్రూడ్రైవర్లే. గాలి తగ్గితే పెట్రోలు కూడా తగ్గాలి కనుక పెట్రోలు వదిలే పెద్ద జెట్ తీసి చిన్నది బిగించేవారు. ఇందులో ఇంజన్‌కు ప్రాణాంతకమైన మెలిక ఒకటుంది. కొండమీదికి తగినట్టు జెట్లు మార్చిన బండిని అలాగే లోయలో జోరుగా నడిపితే మిశ్రమంలో పెట్రోలు చాలక పిస్టన్ వేడెక్కి బిగుసుకుపోతుంది. సిలిండర్ హెడ్ విషయమూ అంతే. పలుచని గాలిలో ఎక్కువ కంప్రెషన్ తట్టుకుంటుందని హెడ్ మార్చినవాళ్లు, కిందికి దిగాక మామూలు పెట్రోలుతో నడిపి పిస్టన్‌కు చిల్లు పెట్టుకునే ప్రమాదం ఉండేది.

క్లచ్ పని మరీ సున్నితం. స్నోమొబైల్‌లో గేర్లు మార్చే పని ఉండదు. రెండు కప్పీల మధ్య తిరిగే బెల్టు తనంతట తానే నిష్పత్తిని మార్చుకుంటుంది. రెండు స్ట్రోకుల ఇంజన్ గరిష్ఠ శక్తి నిమిషానికి సుమారు ఎనిమిది వేల చుట్ల దగ్గర, చాలా ఇరుకైన పరిధిలో దొరుకుతుంది. ముందు క్లచ్‌లోని బరువులు ఇంజన్‌ను ఆ వేగం దగ్గర పట్టి ఉంచాలి. ఎత్తులో శక్తి తగ్గినప్పుడు అవే బరువులు ఇంజన్‌ను అణిచేస్తాయి. అందుకే తేలిక బరువులు, వేరే స్ప్రింగులు, కాస్త తక్కువ గేరింగ్ పెట్టడం మొదలైంది. ఇంజన్ తెరవకుండా, తక్కువ ఖర్చుతో, ఇంత ఫలితమిచ్చే మార్పు మరొకటి లేదు. దీన్ని వదిలేసి ఖరీదైన ఎగ్జాస్ట్ పైపులు కొనడం తలకిందుల పని. ఐడాహో ఫాల్స్‌లోని స్టార్టింగ్ లైన్ ప్రొడక్ట్స్ వంటి సంస్థలు ఈ క్లచ్ కిట్లు, ఎగ్జాస్ట్ పైపులతోనే పేరు తెచ్చుకున్నాయి.

ట్రాక్ తెచ్చిన మలుపు

ట్రాక్ పొడుగైతే బరువు ఎక్కువ మేర పరుచుకుంటుంది, మంచు మీద ఒత్తిడి తగ్గుతుంది. కొండ రైడర్లు ఇది ముందుగానే గ్రహించి పొడుగు ట్రాక్‌లు అమర్చుకున్నారు, లగ్గుల స్థానంలో పారల్లాంటి ప్యాడిల్స్ బిగించుకున్నారు. వయోమింగ్‌లోని జాక్సన్‌లో స్నో కింగ్ కొండ మీద 1976 నుంచి జరుగుతున్న కొండెక్కే పోటీలు ఇటువంటి ప్రయోగాలకు బహిరంగ పరీక్షశాల అయ్యాయి.

తయారీదారులు ఈ అవసరాన్ని నిజంగా గుర్తించింది 1990ల్లో. పర్వత మోడళ్లుగా స్కీ-డూ 1994లో సమ్మిట్‌ను, పొలారిస్ 1996లో ఆర్‌ఎంకేను తెచ్చాయి. ట్రాక్ పొడవు 136 అంగుళాల నుంచి 144, 151, 163 మీదుగా 174 దాకా పెరిగింది. లగ్గుల ఎత్తు రెండు అంగుళాలు దాటి మూడుకు చేరింది. క్యుబెక్‌కు చెందిన కామోప్లాస్ట్ (తర్వాతి పేరు కామ్సో) ఈ ట్రాక్‌ల తయారీలో ముందు నిలిచింది.

అయితే పొడుగుతో పాటు నష్టాలూ వచ్చాయి. పొడుగు ట్రాక్ నేరుగా ఎక్కడంలో దిట్ట, చెట్ల మధ్య మలుపు తిప్పడంలో మొండి. మూడంగుళాల లగ్గులను తిప్పడానికే ఇంజన్ శక్తిలో కొంత ఖర్చవుతుంది, గట్టి మంచు మీద అవి బండిని కుదిపేస్తాయి. అందువల్ల లగ్గులను ఎంత దూరంలో అమర్చాలి, రబ్బరు ఎంత మెత్తగా ఉండాలి, ట్రాక్ ముందు భాగం ఏ కోణంలో మంచును తాకాలి అన్నవే అసలు చర్చలయ్యాయి. ఆ కోణం వాలుగా ఉంటే బండి మంచు మీదికి ఎక్కుతుంది. నిటారుగా ఉంటే మంచును నెట్టుకుంటూ ఆగిపోతుంది. స్కీ-డూ 2013లో పక్కలకు కొంత వంగే సస్పెన్షన్‌ను, ఆర్కటిక్ క్యాట్ 2019లో రెండు పట్టాల బదులు ఒకే దూలం మీద ట్రాక్ నడిచే ఆల్ఫా వన్‌ను తెచ్చాయి. పొడుగు ట్రాక్‌ను తేలిగ్గా పక్కకు ఒరిగించడమే రెండింటి లక్ష్యం.

నిలబడి నడిపే బండి

కొండవాలుకు అడ్డంగా వెళ్లాలంటే రైడర్ పైవాలు వైపు ఒరిగి, బండిని ఒక అంచు మీద నిలపాలి. స్కీల మధ్య దూరం ఎక్కువైతే అది కుదరదు. బాటల మీద వాడే బండ్లలో ఈ దూరం 42 అంగుళాల చుట్టూ ఉంటే, పర్వత బండ్లలో 36 నుంచి 39కి తగ్గింది. 2003 మోడల్‌గా వచ్చిన స్కీ-డూ రెవ్ ఛాసిస్ రైడర్‌ను బాగా ముందుకు జరిపి, నిలబడి నడపడాన్ని సహజం చేసింది. గుట్టలు, దూకుళ్లున్న మంచుబాట మీద జరిగే స్నోక్రాస్ పందేల కోసం పుట్టిన ఈ ఆలోచన మరుసటి ఏడాదికే సమ్మిట్‌లోకి చేరింది. సన్నటి నడుముతో ఆర్కటిక్ క్యాట్ ఎం7 2005లో వచ్చింది. పొలారిస్ 2011లో ప్రో-ఆర్‌ఎంకే తెచ్చింది. అల్యూమినియం భాగాలను రివెట్లకు బదులు జిగురుతో అతికించి, ఇంధనం లేని బరువును రెండు వందల కిలోల లోపుకు దించింది. 2013లో ట్రాక్‌ను తిప్పే గొలుసు పెట్టె స్థానంలో బెల్టు డ్రైవ్ వచ్చింది.

నా అంచనాలో ప్రో-ఆర్‌ఎంకే ఈ చరిత్రలో ఇరవై హార్స్ పవర్ అదనపు ఇంజన్ కన్నా పెద్ద మెట్టు. తగ్గిన ప్రతి కిలో ట్రాక్‌కూ, ఇంజన్‌కూ, రైడర్ నడుముకూ ఒకేసారి ఉపకారం చేస్తుంది.

ఇంజన్ వంతు

రెండు స్ట్రోకుల ఇంజన్ తేలిక, కానీ కాలని పెట్రోలును పొగతో పాటే వదిలేస్తుంది. అమెరికా పర్యావరణ సంస్థ 2002లో ప్రకటించిన ఉద్గార నిబంధనలు 2006 మోడళ్ల నుంచి అమలుకు వచ్చాయి. ఆ ఒత్తిడిలో కొందరు నాలుగు స్ట్రోకుల వైపు మళ్లారు. యమహా 2003లో తెచ్చిన ఆర్‌ఎక్స్-1 అందులో ముఖ్యమైనది. దాని బలం మెచ్చదగ్గదే, కానీ ఆ బరువుతో లోతు మంచులో నెట్టుకురావడం కష్టమైంది. స్కీ-డూ 2009లో ఈ-టెక్ అనే నేరు ఇంజెక్షన్‌ను ఎంచుకుంది. పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకి, సరైన క్షణంలో, ఎత్తుకు తగిన మోతాదులో చేరింది. జెట్లు మార్చే రోజులు అలా ముగిశాయి.

పలుచని గాలికి పూర్తి జవాబు టర్బో. పొగ వేగంతో తిరిగే చక్రం గాలిని నొక్కి ఇంజన్‌లోకి పంపుతుంది. విడిగా టర్బోలు బిగించే దుకాణాలు పశ్చిమ రాష్ట్రాల్లో చాలాకాలంగా ఉన్నా, సరిగ్గా ట్యూన్ చేయకపోతే ఇంజన్లు కాలిపోయేవి. కర్మాగారం నుంచే టర్బోతో వచ్చిన మొదటి రెండు స్ట్రోకుల స్నోమొబైల్ 2020 మోడల్ సమ్మిట్ 850 ఈ-టెక్ టర్బో. ఎనిమిది వేల అడుగుల దాకా 165 హార్స్ పవర్‌ను తగ్గకుండా నిలిపింది. పొలారిస్ 2022 మోడళ్లలో పేట్రియట్ బూస్ట్‌తో అదే బాట పట్టింది.

సామర్థ్యం, మంచుచరియలు

ఇంత సామర్థ్యం వచ్చాక రైడర్లు మునుపు కాలుపెట్టలేని నిటారు వాలులకు చేరారు. మంచు పొరలు జారే ప్రమాదం ఎక్కువున్నది సరిగ్గా అక్కడే. 2010 మార్చి 13న బ్రిటిష్ కొలంబియాలోని రెవెల్‌స్టోక్ దగ్గర బౌల్డర్ మౌంటెన్‌పై రైడర్లు గుమిగూడిన చోట మంచుచరియ విరుచుకుపడి ఇద్దరు చనిపోయారు, చాలామంది గాయపడ్డారు. కూరుకుపోయినవారి జాడ చెప్పే సిగ్నల్ పరికరం, పార, గుచ్చి వెతికే కడ్డీ వెంట ఉండాలనీ, వాలు మీదికి ఒకసారి ఒక్కరే వెళ్లాలనీ శిక్షకులు బోధిస్తారు. లాగగానే ఉబ్బి మనిషిని మంచు పైన తేల్చే గాలితిత్తి సంచీలు కూడా వాడుకలోకి వచ్చాయి.

విద్యుత్ బండ్లు

మాంట్రియల్‌కు చెందిన టైగా సంస్థ విద్యుత్ స్నోమొబైళ్లను మార్కెట్లోకి తెచ్చింది. మోటారుకు ఆక్సిజన్ అవసరం లేదు కనుక ఎత్తు వల్ల శక్తి తగ్గదు, జెట్ల బాధ లేదు, టర్బోతో పని లేదు. అయితే బ్యాటరీ బరువు, చలిలో తగ్గే సామర్థ్యం ఆ లాభాన్ని మింగేస్తున్నాయి. లోతు మంచులో రోజంతా తిరిగే రైడర్‌కు చాలినంత శక్తిని, ప్రో-ఆర్‌ఎంకే సాధించినంత తేలికలో ఇమడ్చడం ఇంకా ఎవరికీ సాధ్యపడలేదు.