తిరుమలయందు శ్రీరంగపు కాందిశీకులు

కాందిశీకుడను పదమునకు వైయాకరణులు చెప్పు వ్యుత్పత్తి మిగుల కరుణావహమైనది. "ఏ దిక్కునకు పోదును?" అనుచు పరుగిడువాడు కాందిశీకుడు. క్రీ.శ. 1323వ సంవత్సరమున ఉలూఘ్ ఖాను ఢిల్లీసేనలతో దక్షిణమునకు నడచినపుడు శ్రీరంగవాసులయందు ఈ పదము సార్థకమయ్యెను. అంతకు పండ్రెండేండ్లకు పూర్వము 1311లో మాలిక్ కాఫూరు దండయాత్రయు జరిగియుండెను గాని అది దోచుకొని మరలిపోయిన గాలివాన వంటిది. రెండవమారు వచ్చిన యధికారము తొలగిపోలేదు. 1335 ప్రాంతమున మధురయందు స్వతంత్ర సుల్తానుల రాజ్య మేర్పడి నాలుగు దశాబ్దములకు పైగా నిలిచెను.

ఆ రాజ్యమున ప్రజలు పడిన పాట్లను గంగాదేవి మధురావిజయమున వర్ణించినది. ఆమె జయించిన కంపరాయల దేవి యగుటచే అందు అతిశయోక్తి కలదని శంకించువా రుండవచ్చును. అట్టివారు ఇబన్ బతూతా వ్రాతను చూడవలెను. ఆతడు మహమ్మదీయుడు, మధుర సుల్తానగు గియాసుద్దీను దామఘానీకి తోడియల్లుడు. అడవులలో పట్టుబడిన జనులను కొఱతలు వేయుటయు, వారి స్త్రీలను బిడ్డలను వధించుటయు ఆతడు కన్నులార చూచెను. ఒకనాటి భోజనసమయమున సుల్తాను తన యెదుటికి తేబడిన హైందవునొకని, ఆతని భార్యను, ఏడేండ్ల కుమారుని చంపింపగా తాను మొగము త్రిప్పుకొన్నట్లు వ్రాసి, ఇట్టి క్రౌర్యమును మఱి యే రాజునందును ఎఱుగనని నిందించెను. ఇట్లు పరస్పరవిరుద్ధపక్షములకు చెందిన యిరువురి సాక్ష్యము ఏకవాక్యమగుచున్నది. కావున ఈ బాధను మతకల్పితమని త్రోసివేయుటకు వీలులేదు; ఒక మతమువారందఱిపై మోపుటకును వీలులేదు.

శ్రీరంగమునుండి వెడలినవారిలో పిళ్ళైలోకాచార్యులు వయోవృద్ధులు. వారు ఉత్సవమూర్తిని గొని దక్షిణముగా పోయి మధురకు చేరువనున్న జ్యోతిష్కుడియందు దేహము చాలించిరి. వేదాంతదేశికులు సుదర్శనసూరి కుమారుల నిరువురను, ఆయన రచించిన శ్రుతప్రకాశికను కాపాడుటకై శవముల నడుమ దాగి, సత్యమంగళమునకును అటుపై మేలుకోటకును చేరిరని గురుపరంపరలు చెప్పును. గ్రంథరక్షణమునే పండితులు తఱచు స్మరింతురు. తండ్రిని కోల్పోయిన ఆ బాలుర రక్షణము అంతకంటె తక్కువది కాదు.

మూర్తితో పోయినవారి మార్గము దీర్ఘమైనది. కేరళదేశమును, కన్నడదేశమును తిరిగి, మేలుకోటయందు కొంతకాలము నిలిచి, తుదకు తిరుమలను చేరిరి. ఇక్కడి వృత్తాంతము రెండు విధములుగా వినవచ్చును. శ్రీరంగాలయ చరిత్రమగు కోయిలొళుగు ననుసరించి, మేనమామయు, మేనల్లుడును, బావమఱదియు నగు మువ్వురు బంధువులు కొండచఱియనుండి తీగెల యాధారమున లోయలోనికి దిగి, కందమూలఫలములతో ప్రాణములు నిలుపుకొనుచు మూర్తిని దాచిరి. తిరుమల యైతిహ్యమున మూర్తి ఆలయప్రాకారములోపలి రంగనాయకమండపమున పూజలందెను. ఈ మండపమును యాదవరాయడైన శ్రీరంగనాథుడు 1310-1320 నడుమ కట్టించెనందురు. అది నిజమైనచో మండపము 1323 నాటి పలాయనమునకు పూర్వపుదే యగును. కాందిశీకులకొఱకే కట్టబడెననుట పొసగదు.

గోపనార్యుడు శ్రీరంగమున చెక్కించిన శాసనము ఇక్కడ కొంత తోడ్పడుచున్నది. అందు శకవర్షము "బంధుప్రియ" అను కటపయాదిసంకేతమున చెప్పబడినది. బ 3, ధ 9, ర 2, య 1. వామగతిచే 1293, అనగా క్రీ.శ. 1371-72. అందలి రెండు స్రగ్ధరలలో మొదటిది రంగనాథుని అంజనాద్రినుండియు, రెండవది వృషభగిరితటమునుండియు తెచ్చినట్లు చెప్పును. వృషభాద్రి యను పేరు మధురచెంతనున్న అళగరుకొండకును కలదు గాని, అంజనాద్రితో కలిసి వచ్చుటచే వేంకటాచలమే యనుట నిస్సంశయము. తటశబ్దము శిఖరమును గాక చఱియను చెప్పును. ఇది ఛందస్సుకొఱకు వాడిన మాటయే కావచ్చును; అయినను లోయలో దాగిన వారి కథకు అనుకూలముగనే యున్నది. భయము ముదిరిన దినములలో చఱియయందును, అది శమించిన పిమ్మట ఆలయమునందును మూర్తి యుండెనని రెండింటిని సమన్వయించుట యుక్తము.

శాసనమున కొండకు అపాదానకారకము దక్కినది; కొండపై ఆశ్రయమిచ్చినవారికి ఏ కారకమును దక్కలేదు. గోపనార్యుని కీర్తి, తురుష్కసైన్యవధ, శ్రీభూసహితుడగు స్వామి పునఃప్రతిష్ఠ, ఇవియే శ్లోకవిషయములు. మువ్వురు మనుష్యులను ఏండ్లతరబడి బ్రతికించినది మాత్రము ఏ ప్రభువుదో కత్తి కాదు. అడవియు, వారి యునికిని ఎఱిగియు బయలుపెట్టని వారి నోటికట్టడియు వారిని కాచినవి. వారిలో ఇరువురు అచటనే గతించిరనియు, ముదిసిన యొక్కడే మిగిలెననియు కోయిలొళుగు చెప్పును. కోయిలొళుగు లెక్కించిన ప్రవాసకాలము అరువదియేండ్లకు కొంచెము తక్కువ. 1371నుండి వెనుకకు లెక్కించిన అది కాఫూరు దండయాత్రకు పోవును. 1323నుండి లెక్కించిన నలువదియెనిమిదేండ్లే. రెండు దండయాత్రలు జనుల జ్ఞాపకమున ఒకటిగా కలిసిపోయినవి కాబోలు.

దొరల తోడ్పాటు ఆలస్యముగా వచ్చెను. కంపరాయల దండయాత్రలలో పాల్గొన్న సాళువ మంగిదేవుడు 1359లో తిరుమల విమానముపై స్వర్ణకలశము నెత్తించెను. పిల్లలమఱ్ఱి పినవీరభద్రుని జైమినిభారతము శ్రీరంగప్రతిష్ఠాయశమును ఈతనికే యిచ్చినది. గోపనార్యుడు మూర్తిని మొదట చెంజికి తెచ్చి కొంతకాల మర్చించి, త్రోవ నిష్కంటకమైన పిమ్మటనే శ్రీరంగమునకు చేర్చెను.

అక్కడ మఱియొక చిక్కు కలిగెను. నడుమ వేఱొక ఉత్సవమూర్తి ప్రతిష్ఠింపబడియుండెను. ఏది పూర్వపుదో గుర్తింపగలవారు ఊరిలో మిగులలేదు. తొంబదియేండ్లు దాటిన అంధుడగు చాకలి యొకడు, పూర్వము స్వామి తడివలువలు ఉదికినవాడు, ఉండెనట. ఇరువురు మూర్తులకును తిరుమంజనము చేయించి ఆ వస్త్రముల తీర్థము నిచ్చిరి. ఆతడు గ్రహించి తిరుమలనుండి వచ్చినదానినే "మన పెరుమాళ్" అని చెప్పెను. నంపెరుమాళ్ అను పేరు అట్లు వచ్చినదే. రెండవ మూర్తినిగూడ తొలగింపక తిరువరంగమాళిగైయార్ అను పేర ఆ యాలయముననే నిలిపిరి.