జపాన్ రహస్య క్రైస్తవులు

జపాన్‌లో క్రైస్తవ మతంపై దేశవ్యాప్త నిషేధం అమలైన కాలంలో (1614–1873) గురువులు, దేవాలయాలు లేకుండానే విశ్వాసాన్ని గుట్టుగా నిలుపుకొన్న కథోలిక సమాజాలను రహస్య క్రైస్తవులు అంటారు. వీరిలో ఎక్కువమంది క్యుషు దీవిలోనూ, దాని చుట్టుపక్కల చిన్న దీవుల్లోనూ ఉండే రైతులు, జాలరులు. వీరు ఊరి బౌద్ధాలయంలో పేర్లు నమోదు చేయించుకొన్నారు. అధికారులు అడిగినప్పుడల్లా క్రీస్తు ప్రతిమను తొక్కారు. ఇంట్లో మాత్రం పిల్లలకు జ్ఞానస్నానం ఇస్తూ, కంఠస్థమైన ప్రార్థనలు చెప్పుకొంటూ, పండుగల లెక్క తప్పకుండా చూసుకొన్నారు. ఈ సమాజాలు ఇంతకాలం నిలవడానికి వ్యక్తుల ధైర్యం ఎంత కారణమో, ఊరి మనుషులు తమలో తాము పంచుకొన్న బాధ్యతలు కూడా అంతే కారణం.

ఆరంభం

స్పెయిన్ దేశానికి చెందిన యేసు సభ గురువు ఫ్రాన్సిస్ జేవియర్ 1549 ఆగస్టు 15న కగోషిమా రేవులో దిగడంతో జపాన్‌లో క్రైస్తవం మొదలైంది. అంతకుముందు ఆయన గోవాలోనూ, దక్షిణ భారత తీరంలోనూ పనిచేశాడు. అప్పటి జపాన్ పరస్పరం పోరాడుకొనే సామంత రాజ్యాలుగా చీలి ఉంది. పోర్చుగీసు ఓడల వర్తకం కోసం కొందరు సామంతులు మిషనరీలను ఆదరించారు. వారిలో ఒమురా సుమితద 1563లో జ్ఞానస్నానం పొంది తొలి క్రైస్తవ సామంతుడయ్యాడు. 1571లో నాగసాకి రేవు పోర్చుగీసు వర్తకానికి తెరుచుకొంది. 17వ శతాబ్దం తొలినాళ్లకు క్రైస్తవుల సంఖ్య సుమారు 3 లక్షలకు చేరిందని చరిత్రకారుల అంచనా.

నిషేధం, హింస

దేశాన్ని ఒక ఏలుబడి కిందికి తెస్తున్న టొయొటొమి హిడెయొషి 1587లో మిషనరీలు దేశం వదలాలని ఆజ్ఞ జారీ చేశాడు. దాని అమలు కొన్నేళ్లు సడలింపుగానే సాగింది. 1597 ఫిబ్రవరి 5న మాత్రం 26 మందిని నాగసాకిలోని నిషిజక కొండపై సిలువ వేశారు. వారిని క్యోటో ప్రాంతం నుంచి చలికాలంలో నడిపించి తీసుకొచ్చారు. వారిలో జపాన్ యేసు సభ సభ్యుడు పౌల్ మికి, 12 ఏళ్ల లూయిస్ ఇబరకి, ముంబయి సమీపంలోని వసయిలో పుట్టిన ఫ్రాన్సిస్కన్ సభ సోదరుడు గొన్సాలో గార్సియా ఉన్నారు. 1862లో తొమ్మిదవ పయస్ పోపు ఈ 26 మందినీ పునీతులుగా ప్రకటించాడు.

తొకుగవ వంశం అధికారంలోకి వచ్చాక 1614లో నిషేధం దేశమంతటికీ విస్తరించింది. దేవాలయాలను కూల్చారు, మిషనరీలను మకావు, మనీలాలకు పంపేశారు. సామంతుడు తకయమ ఉకొన్ తన పదవి, భూములు ఏనాడో వదులుకొన్నవాడు. ఆయన్ను కూడా మనీలాకు వెళ్లగొట్టగా, 1615లో అక్కడే మరణించాడు. 1622లో నాగసాకిలో 55 మందిని ఒకే రోజు చంపారు. అయితే మరణశిక్షలు భయంతో పాటు భక్తిని కూడా పెంచుతున్నాయని పాలకులు గ్రహించారు. దాంతో చంపడం కంటే విశ్వాసాన్ని త్యజించేలా చేయడంపైనే ఎక్కువ దృష్టి పెట్టారు. ఉన్జెన్ పర్వతంలోని సలసలకాగే వేడినీటి ఊటలు, మలినం నిండిన గోతిలో తలకిందులుగా వేలాడదీయడం వంటి చిత్రహింసలు అప్పుడు వచ్చినవే. ఈ గోతి శిక్షకు తట్టుకోలేక 1633లో యేసు సభ పెద్ద క్రిస్తొవావ్ ఫెరెయిరా విశ్వాసం వదులుకోవడం యూరప్‌లో కలకలం రేపింది.

1637–38లో పన్నుల భారం, కరువు, మత హింస కలిసి షిమబర, అమకుస ప్రాంతాల్లో తిరుగుబాటుగా పేలాయి. అమకుస షిరో అనే యువకుడి నాయకత్వంలో తిరుగుబాటుదారులు హర కోటలో చేరి నెలల తరబడి పోరాడారు. 1638లో కోట పడిపోయాక లోపలివారిని దాదాపు అందరినీ చంపేశారు. 1639లో పోర్చుగీసు ఓడల రాకను పూర్తిగా నిషేధించారు. 1644లో కొనిషి మాన్షో మరణశిక్షకు గురికావడంతో దేశంలో గురువంటూ ఎవరూ మిగల్లేదు.

నిఘా యంత్రాంగం

నిషేధం రెండు శతాబ్దాలకు పైగా సాగడానికి కారణం గ్రామస్థాయి వరకు పాకిన పర్యవేక్షణ. ప్రతి కుటుంబమూ ఏదో ఒక బౌద్ధాలయంలో నమోదై, తాము క్రైస్తవులం కామని అక్కడి భిక్షువు చేత ధ్రువీకరణ పొందాలి. ఐదిళ్లను ఒక జట్టుగా కట్టారు. జట్టులో ఒకరు క్రైస్తవులని తేలితే మిగతావారూ శిక్ష అనుభవించాలి. నాలుగు దారుల కూడళ్లలో నిలిపిన చెక్క పలకలపై ఆచూకీ చెప్పినవారికి ఇచ్చే బహుమానాలు రాసి ఉండేవి. 1682 నాటి పలక ప్రకారం గురువును పట్టిస్తే 500 వెండి బిళ్లలు. నాగసాకి ప్రాంతంలో ఏటా కొత్త సంవత్సరపు తొలి నెలలో జనం చేత క్రీస్తు లేదా మరియమాత ప్రతిమ ఉన్న ఫలకాన్ని తొక్కించేవారు. ఈ ఫలకాన్ని ఫుమియే అంటారు. 1620ల చివర్లో మొదలైన ఈ పద్ధతి 1850ల చివరి వరకు సాగింది.

రహస్య సమాజ నిర్మాణం

గురువులు లేనందున దివ్యపూజ, పాపసంకీర్తనం వంటి సంస్కారాలు ఆగిపోయాయి. అత్యవసరంలో సామాన్యులు కూడా ఇవ్వగలిగిన జ్ఞానస్నానం మాత్రం మిగిలింది. దాని చుట్టూనే సమాజం కుదురుకొంది. నాగసాకి పక్కనే ఉన్న ఉరకమి గ్రామంలో ముగ్గురు బాధ్యులు ఉండేవారు. చోకత దగ్గర క్రైస్తవ పండుగల పంచాంగం ఉండేది. మిజుకత జ్ఞానస్నానం ఇచ్చేవాడు. కికికత ఇంటింటికీ వెళ్లి ఏ రోజు పండుగో, ఏ రోజు ఉపవాసమో, ఏ రోజు పని మానాలో చెప్పేవాడు. చోకత బాధ్యత ఒకే వంశంలో మాగోయెమోన్‌తో మొదలై కిచిజో వరకు ఏడు తరాలు నడిచింది.

సొతొమె ప్రాంతంలో బస్తియన్ అనే స్థానిక బోధకుడి పేరిట పంచాంగం చేతులు మారుతూ వచ్చింది. ఏడు తరాల తర్వాత పాపసంకీర్తనం వినే గురువులు పెద్ద నల్ల ఓడల్లో వస్తారని ఆయన చెప్పాడని అక్కడివారి నమ్మకం. లాటిన్, పోర్చుగీసు, జపనీస్ కలగలిసిన ఒరాషో ప్రార్థనలను పెద్దలు పిల్లలకు కంఠస్థం చేయించేవారు. బిడ్డను ఎత్తుకొన్న కన్నన్ దేవత తెల్లటి పింగాణీ బొమ్మలు కొన్ని ఇళ్లలో మరియమాతకు ప్రతిగా నిలిచాయి. ఇకిత్సుకి దీవిలో జపనీస్ దుస్తుల్లో గీసిన పవిత్ర చిత్రాలను ఇంటి లోపలి గదిలో దాచి పూజించారు. చనిపోయినవారికి బౌద్ధ భిక్షువు సూత్రాలు చదువుతుంటే, ఆ మంత్రాల ప్రభావం పోవాలని పక్కగదిలో ప్రార్థన చేసేవారు.

ఫుమియే తొక్కినందుకు కలిగే వేదనకూ వారికొక మార్గం ఉండేది. పాపసంకీర్తనం వినే గురువు లేనప్పుడు నిండుమనసుతో పశ్చాత్తాపపడాలని బోధించే చిన్న పుస్తకాన్ని పీఠాధిపతి లూయిస్ సెర్కెయిరా 1603లో అచ్చు వేయించాడు. దాని రాతప్రతులు తరతరాలు చేతులు మారాయి. ప్రతిమను తొక్కి ఇంటికి వచ్చినవారు ఆ పశ్చాత్తాప ప్రార్థన చెప్పుకొనేవారు.

బయటపడిన సందర్భాలు

రహస్యం అప్పుడప్పుడూ పొక్కేది. 1657లో ఒమురా సీమలోని కొరిలో 600 మంది వరకు పట్టుబడగా, 400 మందికి పైగా మరణశిక్షకు గురయ్యారు. 1805లో అమకుసలో 5,000 మందికి పైగా బయటపడినప్పుడు తీరు మారింది. అంతమందిని శిక్షిస్తే ఊళ్లే ఖాళీ అవుతాయి, పన్నులూ రావు. అందుకే అధికారులు వారిని క్రైస్తవులుగా కాక ఏదో తప్పుడు ఆచారం పాటించేవారిగా రాసుకొని, ఇకపై అలా చేయబోమని మాట తీసుకొని వదిలేశారు. ఉరకమిలో 1790 నుంచి పలుమార్లు సోదాలు జరిగాయి. 1856లో పట్టుబడిన కిచిజో చెరసాలలోనే మరణించాడు.

ఔరా దేవాలయం

జపాన్ విదేశాలతో ఒప్పందాలు చేసుకొన్న తర్వాత, నాగసాకిలో ఉండే విదేశీయుల కోసం పారిస్ మిషనరీ సంఘం ఔరాలో దేవాలయం కట్టింది. అది 26 మంది వేదసాక్షులకు అంకితం. 1865 మార్చి 17న ఉరకమి నుంచి వచ్చిన కొద్దిమంది అక్కడి గురువు బెర్నార్ పెతిజాన్‌ను కలిశారు. వారిలోని ఇసబెలినా యూరి అనే స్త్రీ, తమ మనసు కూడా ఆయన మనసు లాంటిదేనని గుసగుసగా తెలిపి, మరియమాత స్వరూపం ఎక్కడుందని అడిగింది. తమ లెక్క ప్రకారం అది తపస్కాలంలో 17వ రోజని వారు ఆయనకు చెప్పారు. ఆ ఏడాది విభూతి బుధవారం మార్చి 1న వచ్చింది. అంటే గురువులు లేని రెండు శతాబ్దాలకు పైగా కాలం తర్వాత కూడా వారి పంచాంగం ఒక్క రోజు తప్పలేదు.

చివరి హింస, నిషేధం ఎత్తివేత

ఉరకమి క్రైస్తవులు 1867లో తమ అంత్యక్రియలకు బౌద్ధ భిక్షువులు అక్కర్లేదన్నారు. అంతవరకు దాచిన విశ్వాసాన్ని ఇలా అధికారికంగా చాటడంతో 68 మందిని అరెస్టు చేశారు. 1868లో వచ్చిన మెయిజి ప్రభుత్వం కూడా నిషేధపు పలకలను కొత్తగా నిలిపింది. ఆ తర్వాతి రెండేళ్లలో 3,394 మందిని దేశంలోని పలు ప్రాంతాలకు ప్రవాసం పంపింది. త్సువనొలో కొందరిని నిలబడలేనంత చిన్న బోనుల్లో బంధించారు, గడ్డకట్టిన చెరువులో ముంచారు. ప్రవాసంలో 600 మందికి పైగా మరణించారు. ఒప్పందాల సవరణ కోసం అమెరికా, యూరప్ పర్యటిస్తున్న ఇవకుర రాయబార బృందానికి ఎక్కడికెళ్లినా దీనిపై నిరసనలే ఎదురయ్యాయి. 1873 ఫిబ్రవరి 24న ప్రభుత్వం పలకలను తీసేయించింది, ప్రవాసులు ఇళ్లకు తిరిగి వచ్చారు. 1889 నాటి రాజ్యాంగం పరిమితులతో మతస్వేచ్ఛ ఇచ్చింది.

తరువాతి కాలం

ఉరకమివారు ఏటా తాము ఫుమియే తొక్కిన గ్రామాధికారి ఇంటి స్థలాన్నే కొని, అక్కడ 1895 నుంచి 1914 వరకు మహాదేవాలయం కట్టుకొన్నారు. 1945 ఆగస్టు 9న నాగసాకిపై పడిన అణుబాంబుకు అది కూలిపోయింది. ఆ దేవాలయ సమాజంలోని సుమారు 12,000 మందిలో దాదాపు 8,500 మంది మరణించారు. తర్వాత అదే చోట దేవాలయాన్ని తిరిగి కట్టారు. 2018లో నాగసాకి ప్రాంతంలోని 12 రహస్య క్రైస్తవ స్థలాలను యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ప్రతిమను తొక్కినవారిని విశ్వాసంలో నిలిచినవారనవచ్చా అన్న చర్చ నేటికీ ఉంది. ఎండో షుసకు 1966లో రాసిన ‘మౌనం’ నవల, దాని ఆధారంగా మార్టిన్ స్కోర్సెసీ 2016లో తీసిన సినిమా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి. కథోలిక సంప్రదాయం వేదసాక్షులకే పెద్దపీట వేసింది. 2008లో నాగసాకిలో మరో 188 మందిని ధన్యులుగా ప్రకటించారు. అయితే 1867లో బహిరంగంగా నిలబడి ప్రవాసానికి వెళ్లినవారు, అంతకు పదేళ్ల ముందు వరకు ఏటా ఫుమియే తొక్కిన కుటుంబాలవారే. కాబట్టి లొంగుబాటు, నిలకడ అని ఈ జనాన్ని రెండుగా విడదీయడం కుదరదు.

1873 తర్వాత అందరూ రోమ్ సంఘంలో కలవలేదు. పూర్వీకులు అప్పగించిన రూపంలోనే ఆచారాలు కొనసాగిస్తామని కొందరు విడిగా ఉండిపోయారు. ఇకిత్సుకి దీవిలో ఒరాషో ప్రార్థనలు ఈనాటికీ వినిపిస్తాయి. అయితే యువత పట్టణాలకు వెళ్లిపోతుండటంతో బాధ్యతలు అందుకొనేవారు లేక అక్కడి బృందాలు ఒక్కొక్కటిగా రద్దవుతున్నాయి.