బందరు కోటదారిని

ఆకివీడు చెంత పారు ఉప్పుటేరు కొల్లేటి నీటిని కడలికి గొనిపోవుచుండును. ఆ ప్రాంతమువారికి రేవుపట్టణమనగానే మొదట స్ఫురించు పేరు బందరు. మాఘమాసపు నిర్మలమైన యెండలో, గుడివాడ మీదుగా రైలున ఆ పట్టణము జేరి, ఇంగ్లీషుపాలెము, వలందపాలెము, పరాసుపేటల నడుమ తిరిగి, కోటవైపు సాగు బాటసారికి, ఈ రేవుకై పెనగులాడిన మూడు విదేశీయ జాతుల జాడలు అడుగడుగునను తారసిల్లును.

గోలకొండ కుతుబ్ షాహీల యేలుబడిలో బందరు ఆ రాజ్యమునకు ప్రధాన సముద్రద్వారమై, పారశీకమునకును, ఎర్రసముద్ర తీరమునకును, బర్మా సుమత్రాలకును ఓడలను పంపుచుండెను. 17వ శతాబ్ది యాదిలో డచ్చివారును, 1611లో గ్లోబు అను నోడపై ఆంగ్లేయులును వచ్చి వర్తకస్థానములను నెలకొల్పిరి. 1632లో సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా ప్రసాదించిన బంగారు ఫర్మానా ఆంగ్లేయుల వర్తకమునకు ఊతమిచ్చెను. 1750లో పరాసులు, అనగా ఫ్రెంచివారు, పట్టణమును వశపరచుకొనిరి. 1759 ఏప్రిలులో ఆంగ్లేయుల సేనాని కర్నలు ఫోర్డు రాత్రివేళ కోటపై దాడి సల్పి జయింపగా, ఉత్తర సర్కారులలో పరాసుల ప్రాబల్యము అస్తమించెను.

ఇంతటి ఘనత గాంచిన కోట నేడు శిథిలమై యున్నది. కూలిన గోడల నడుమ పూర్వపు ఆయుధశాల వంటి కట్టడములు కొన్ని మాత్రమే మిగిలినవి. డచ్చివారి శ్మశానవాటికలో రాతిపలకలపై చెక్కిన వంశచిహ్నములు, పరదేశమున అసువులు బాసిన వర్తకుల వైభవమును ఇంకను చాటుచున్నవి. చెన్నపట్టణము ప్రాముఖ్యమునకు వచ్చుటతోడను, మేట వేసిన రేవులో పెద్ద నౌకలు తీరమునకు దూరముననే లంగరు వేయవలసి వచ్చుటచేతను క్షీణించుచున్న ఈ పట్టణమును, 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెన ముంచివేసి, సుమారు 30,000 ప్రాణములను బలిగొనెను.

అయినను, ఆ విదేశీ వర్తకుల ఓడలన్నియు వేనికొరకు వచ్చినవో ఆ వస్త్రములను గూర్చి యోచింపక ఈ చరిత్ర ముగియదు. పాలకొల్లులో డచ్చివారు, నరసాపురము దాపున మాధవాయపాలెములో ఆంగ్లేయులు కొఠీలు పెట్టుకొనుటకు మన నేతగాండ్ర నైపుణ్యమే కారణము. కరక్కాయ కషాయములో ముంచిన గుడ్డపై, బెల్లము తుప్పుపట్టిన యినుముల ఊటతో నలుపును, పటికతోడి చిరివేరుతో ఎరుపును నిలుపు విద్య మన అద్దకమువారికి కరతలామలకము. ఆంగ్లదేశపు మరబట్ట వచ్చి పడి ఈ వృత్తిని క్రుంగదీసినను, బందరు పొరుగుననున్న పెడనలో చెక్కఅచ్చుల అద్దకము నేటికిని సాగుచునే యున్నది.

కోటలను గట్టినవారు పోయిరి. వారిని సముద్రము దాటి రప్పించిన విద్య మిగిలినది. కావున బందరు చూడబోవు చదువరులారా, కోటరాళ్లను సమాధిఫలకములను కదల్పక కాపాడుడు; తిరుగుదారిలో పెడనలో దిగి, అచ్చువేయు శ్రామికుని పనిని కన్నులార గాంచి, ఆతని వస్త్రమును తగిన మూల్యమిచ్చి కొనుడు.